వాల్సింగ్‌హామ్ భక్తులకి ఒక మాట

మొన్న మా ఆఫీసులో సెక్యూరిటీ ట్రైనింగు పెట్టారు. రెండు గంటలు. అటెండెన్సు తీసుకుంటారు కాబట్టి నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. పాస్‌వర్డులు, దొంగ మెయిళ్ళు, తెలియని పెన్‌డ్రైవులు వగైరాలన్నీ అయ్యాక ట్రైనరు గారు ఒక స్లైడ్ వేశారు. నల్ల బట్టలు, కోసుగా కత్తిరించిన గడ్డం, మెడ చుట్టూ కుచ్చిళ్ళ తెల్ల కాలరు ఉన్న ఒకాయన బొమ్మ. సర్ ఫ్రాన్సిస్ వాల్సింగ్‌హామ్ అట. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ దగ్గర మంత్రి, ఆవిడ గూఢచారులందరికీ పెద్ద. 1586లో ఆంథొనీ బాబింగ్టన్ అనే కేథలిక్ కుర్రాడు ఈ ప్రొటెస్టెంట్ రాణిని చంపి, జైల్లో ఉన్న స్కాట్లండు మాజీ రాణి మేరీని గద్దెనెక్కిద్దామని కుట్ర పన్నాడు. మేరీకి రహస్య లిపిలో ఉత్తరాలు రాశాడు. వాల్సింగ్‌హామ్ మనుషులు ఆ లిపిని విప్పేసి దేశాన్ని కాపాడారు. స్లైడ్ అడుగున నీతి: చచ్చు ఎన్‌క్రిప్షన్ ప్రాణాలు తీస్తుంది. అందరూ చప్పట్లు.

అంతవరకూ బాగానే ఉంది. లంచ్‌లో మా టీమ్ వాడొకడు అందుకున్నాడు. "అదీ బాస్ ఇంటెలిజెన్స్ అంటే! అలాంటోడు ఒక్కడుంటే చాలు దేశానికి. మతం జోలికి ఎవరూ పోలేదు, ద్రోహుల్ని ఏరేశారు, అంతే."

ఈ చివరి వాక్యం దగ్గరే నాకు ముద్ద దిగలేదు. అప్పటికి ఏదో అని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చాక కూడా తిరుగుతూనే ఉంది బుర్రలో. అందుకే ఈ టపా.

మా వాడికి తెలీదు గానీ ఆ వాక్యం వాడి సొంతం కాదు. దాని వయసు నాలుగు వందల నలభై ఏళ్ళ పైమాటే. 1583 డిసెంబరులో ఎలిజబెత్ ముఖ్యమంత్రి లాంటి లార్డ్ బర్లీ పేరు వేసుకోకుండా ఒక చిన్న పుస్తకం అచ్చేయించాడు. సారాంశం ఇదే: మేం ఎవర్నీ మతం కోసం చంపలేదు, రాజద్రోహం కోసమే చంపాం. యూరప్ అంతా చదవాలని వేరే భాషల్లోకి కూడా అనువాదం చేయించారు. ప్రభుత్వం ఖర్చు పెట్టి అచ్చేయించిన ప్రచారాన్ని, ఇన్నేళ్ళ తర్వాత మనవాడు పప్పన్నంలో నెయ్యేసుకుంటూ ఫ్రీగా అప్పజెబుతున్నాడు. బర్లీ గారు సమాధిలో ఎంత సంతోషించి ఉంటాడో!

ముందు ఒక సంగతి ఒప్పేసుకుంటాను, లేకపోతే "నువ్వు కుట్రలే లేవంటావా" అని మొదలుపెడతారు. ఉన్నాయి. నిజం కుట్రలే. 1569లో ఉత్తర ఇంగ్లండులో ఇద్దరు ఎర్ల్‌లు తిరగబడ్డారు. డరమ్ కెథెడ్రల్‌లో ఇంగ్లీషు బైబిళ్ళు చింపేసి మళ్ళీ పాత పద్ధతిలో మాస్ చెప్పించారు. 1571లో రిడాల్ఫీ అనే ఫ్లారెన్సు బ్యాంకరు స్పెయిన్ సైన్యాన్ని దింపే పథకం వేశాడు. అందులో ఇరుక్కున్న నార్‌ఫోక్ డ్యూక్ తల 1572లో తెగింది. 1583లో త్రాక్‌మార్టన్ కుట్ర బయటపడింది, స్పెయిన్ రాయబారిని దేశం నుంచి గెంటేశారు. 1584లో హాలండులో ప్రొటెస్టెంట్ల నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్‌ని ఒక కేథలిక్ ఇంట్లోకొచ్చి కాల్చి చంపాడు. వాల్సింగ్‌హామ్ అయితే 1572లో రాయబారిగా పారిస్‌లో ఉండి, సెయింట్ బార్తొలోమ్యూ పండగ నాడు మొదలైన ప్రొటెస్టెంట్ల ఊచకోతని దగ్గర్నించి చూసినవాడు. ఆయన భయం ఊహ కాదు. ఆ భయాన్ని నేను వెక్కిరించడం లేదు.

నేను అడిగేది వేరే. చచ్చినవాళ్ళలో ఎంతమంది ఈ కుట్రల్లో ఉన్నవాళ్ళు?

దానికి కొంచెం వెనక్కెళ్ళాలి. 1534లో ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకుని చర్చికి తానే అధిపతినన్నాడు. 1547లో అతని కొడుకు ఎడ్వర్డ్ గద్దెక్కాక దేశం పూర్తిగా ప్రొటెస్టెంట్. 1553లో పెద్ద కూతురు మేరీ ట్యూడర్ వచ్చింది (ఈవిడ వేరు, స్కాట్లండు మేరీ వేరు), మళ్ళీ కేథలిక్. 1558లో ఎలిజబెత్ వచ్చింది, 1559లో మళ్ళీ ప్రొటెస్టెంట్. పాతికేళ్ళలో నాలుగు సార్లు! మన ప్రాజెక్టుల్లో వారానికో రోల్‌బ్యాక్ చేస్తేనే క్లయింటు జుట్టు పీక్కుంటాడు. ఇక్కడ జనం చేత దేవుణ్ణే మార్పించారు. 1530లో పుట్టిన ఒక రైతు ముప్పై ఏళ్ళొచ్చేలోపు, తను మొక్కే పద్ధతి నాలుగు సార్లు నేరమూ, నాలుగు సార్లు చట్టమూ అవడం చూశాడు. 1559లో కొత్త ప్రార్థన పద్ధతి చట్టం ప్రభువుల సభలో గట్టెక్కింది కేవలం మూడు ఓట్ల తేడాతో. ఓటేసిన బిషప్పుల్లో ఒక్కడు కూడా దానికి అనుకూలంగా వెయ్యలేదు. అంటే "దేశం ప్రొటెస్టెంట్, కొంతమంది విద్రోహులు కేథలిక్" అన్నది తర్వాత కట్టిన కథ. అప్పటికి కేథలిక్ అంటే మీ అమ్మమ్మ, మీ పక్కింటాయన.

మొదట్లో ఎలిజబెత్ మరీ కఠినంగా ఏం లేదు. ఆదివారం చర్చికి రాకపోతే పన్నెండు పెన్నీల జుల్మానా. వచ్చి కూర్చుంటే చాలు, లోపల ఏమనుకుంటున్నావో అడగం అన్నట్టుండేది. (మనుషుల మనసుల్లోకి కిటికీలు తెరవనని ఆవిడ అన్నట్టు అందరూ చెబుతారు. అది ఆవిడ నోటి మాట కాదు, తర్వాత ఫ్రాన్సిస్ బేకన్ రాసిన మాట. మంచి డైలాగులన్నీ ఇలాగే ఇంకెవరో రాసినవే అయ్యుంటాయి.)

తర్వాత ఆ కేథలిక్కుల కొంప ముంచింది ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ వాళ్ళ పోపే. 1570 ఫిబ్రవరి 25న అయిదో పయస్ ఒక శాసనం జారీ చేశాడు. ఎలిజబెత్ రాణి కాదు, ఆమెకి ఎవరూ విధేయంగా ఉండక్కర్లేదు, ఉంటే వాళ్ళకీ వెలే. రోములో కూర్చుని సంతకం పెట్టడానికి ఏం పోయింది? స్పెయిన్ రాజు ఫిలిప్‌ని కూడా అడగలేదు, ఆయనకీ ఒళ్ళు మండింది. యార్క్‌షైర్‌లో ఆవులు కాసుకునే ఒక కేథలిక్‌కి మాత్రం ఆ రోజు నుంచి రెండే దార్లు: మంచి కేథలిక్‌గా ఉంటే ద్రోహి, మంచి పౌరుడిగా ఉంటే నరకం. పోప్ ఆయన చేతికి తాడిచ్చాడు, బర్లీ అది పట్టుకుని లాగాడు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు గమనించారా? కేథలిక్ అయితే రాణికి శత్రువే అని. మధ్యలో నలిగినవాళ్ళు తప్ప ఆ మాట కాదన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఇక చట్టాలు చూడండి. 1571లో రాణిని మతద్రోహి అనడం, పోప్ శాసనాలు దేశంలోకి తేవడం రాజద్రోహం. 1581లో ఎవర్నైనా రోము మతంలోకి మార్చడం రాజద్రోహం, మారడమూ రాజద్రోహమే. చర్చికి రాకపోతే జుల్మానా పన్నెండు పెన్నీల నుంచి నెలకి ఇరవై పౌండ్లకి పెరిగింది. మామూలు కూలివాడి ఏడాది సంపాదన పది పౌండ్లు కూడా ఉండని రోజులవి. 1585లో ఇంకో అడుగు. విదేశంలో ప్రీస్ట్ అయిన ఇంగ్లీషువాడు దేశంలో కనిపిస్తే చాలు, రాజద్రోహం. కుట్ర అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు, ఉత్తరం అక్కర్లేదు. ఉండటమే నేరం. అతనికి అన్నం పెట్టి ఇంట్లో పడుకోనిచ్చినా ఉరే.

ఇప్పుడు మళ్ళీ చదవండి ఆ వాక్యం: "మతం జోలికి పోలేదు, ద్రోహుల్నే ఏరేశారు." నిజమే మరి! డెఫినిషన్ మార్చేశాక రిపోర్టులో అన్నీ ద్రోహాలే కనిపిస్తాయి. బగ్గుకి ఫీచరని పేరు మార్చి కౌంటు తగ్గించే మేనేజర్లని మనం చూడలేదా? బర్లీ అదే పని తిరగేసి చేశాడు.

ఎడ్మండ్ కాంపియన్ సంగతి చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో పేరున్న పండితుడు. 1566లో రాణి యూనివర్సిటీకి వచ్చినప్పుడు ఆవిడ ముందు ప్రసంగించి మెప్పు పొందినవాడు. తర్వాత దేశం వదిలి జెస్యూట్ అయ్యాడు. 1580లో మారువేషంలో తిరిగొచ్చి రహస్యంగా మాస్ చెబుతూ తిరిగాడు, 1581 జూలైలో దొరికాడు. లండన్ టవర్‌లో చేతులూ కాళ్ళూ కట్టి సాగదీసే యంత్రం మీద వేశారు. ముందు మతమార్పిడి చట్టం కింద అభియోగం రాద్దామనుకుని, అలా రాస్తే మతం కోసం చంపినట్టు కనిపిస్తుందని మానుకున్నారు. 1352 నాటి పాత రాజద్రోహ చట్టం బయటికి తీసి, రోములోనూ రైమ్స్‌లోనూ రాణిని చంపడానికి కుట్ర చేశాడని రాశారు. కోర్టులో ప్రమాణానికి చెయ్యెత్తమంటే ఎత్తలేకపోయాడు, పక్కనున్న ముద్దాయి ఎత్తి పట్టుకోవాల్సొచ్చింది. డిసెంబరు 1న టైబర్న్‌లో చంపారు.

ఈ ప్రీస్టులకి వేసే ప్రశ్న ఒకటుండేది. "పోప్ పంపిన సైన్యం ఇంగ్లండు మీదకొస్తే నువ్వెవరి వైపు?" దాన్ని వాళ్ళు నెత్తుటి ప్రశ్న అనేవాళ్ళు. రాణి వైపంటే పోప్‌ని కాదన్నట్టు, పోప్ వైపంటే మెడకి తాడు, ఇప్పుడు చెప్పలేనంటే "చూశారా, నసుగుతున్నాడు" అని మళ్ళీ తాడే. జరగని దాడిలో, చేయని పనికి, ఇవ్వని జవాబుకి శిక్ష. ఇలాంటి ప్రశ్న ఇంకా ఏయే దేశాల్లో ఎవరెవరికి వేశారో మీకు తోచిన పేర్లు మీరు వేసుకోండి, నేను ఇంగ్లండు దాటి పోను.

ఇంకొకరి గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. మార్గరెట్ క్లిథరో. యార్క్‌లో ఒక మాంసం కొట్టాయన భార్య. భర్త ప్రొటెస్టెంట్, పెళ్ళయ్యాక ఈవిడ కేథలిక్ అయింది. ఆయన ఏమీ అనలేదు, ఈవిడ చర్చికి రాకపోతే జుల్మానాలు కట్టేవాడు. చాలాసార్లు జైలుకెళ్ళింది, చదవడం నేర్చుకున్నదే జైల్లో. ఇంట్లో ప్రీస్టులని దాచేది. 1586 మార్చిలో సోదా చేసినప్పుడు ఆ ఇంట్లో ఉన్న ఒక చిన్న పిల్లాణ్ణి బెదిరిస్తే, ఆ గది ఎక్కడుందో చూపించేశాడు. ఆవిడ చేసిన కుట్ర అది: ఒక గది, కొన్ని పూజ సామాన్లు. కోర్టులో "నేరం చేశావా లేదా" అంటే జవాబు చెప్పనంది. చెబితే విచారణ జరుగుతుంది, విచారణంటే తన పిల్లల చేత తన మీదే సాక్ష్యం చెప్పిస్తారు. జవాబు చెప్పనివాళ్ళకి అప్పటి శిక్ష బరువులు పెట్టి నలపడం. మార్చి 25న ఔజ్ వంతెన దగ్గర పడుకోబెట్టి, వీపు కింద కోసురాయి పెట్టి, మీద తలుపు వేసి, దానిమీద బండలు పేర్చారు. పావుగంట పట్టిందట. కడుపుతో ఉందని కూడా ఆరోజుల్లో చెప్పుకున్నారు. ఈవిడ ఏ గూఢలిపీ వాడలేదు. ట్రైనరు గారి స్లైడ్‌లో ఈవిడకి చోటు లేదు.

సరే, బాబింగ్టన్ దగ్గరికి వద్దాం. మన ఫీల్డు కాబట్టి.

కథలో మనవాళ్ళకి నచ్చేది ఆ లిపి విప్పిన థామస్ ఫెలిప్స్. నిజంగా మొనగాడే, అందులో అనుమానం లేదు. మేరీ వాడిన లిపిలో అక్షరాలకి 23 గుర్తులు, తరచూ వచ్చే మాటలకి ఇంకో ముప్పై చిల్లర. ఏ గుర్తు ఎన్నిసార్లొచ్చిందో లెక్కపెట్టి విప్పగలిగేదే. కానీ అసలు సంగతి అది కాదు. ఆ ఉత్తరాలు వెళ్ళే దారి వేసిందెవరు? 1585 చివర్లో గిల్బర్ట్ గిఫర్డ్ అనేవాణ్ణి ఓడ దిగగానే పట్టుకుని వాల్సింగ్‌హామ్ తనవైపు తిప్పుకున్నాడు. మేరీని ఉంచిన చార్ట్‌లీ కోటకి బీరు పీపాలు వస్తాయి. పీపా బిరడాలో ఉత్తరం పెట్టి పంపే ఏర్పాటు ఈ గిఫర్డే చూశాడు. బీరు కాచేవాడు ఇద్దరి దగ్గరా డబ్బులు తీసుకున్నాడు. అంతకుముందు ఏడాదిగా బయటి ప్రపంచంతో ఉత్తరాల్లేక అల్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. మనం దీన్ని మ్యాన్ ఇన్ ద మిడిల్ అని చెప్పుకుంటున్నాం గానీ, వీళ్ళు మధ్యలో దూరలేదండీ, సర్వరు పెట్టిందే వీళ్ళు. అలాంటి దారిలో ఎంత గట్టి ఎన్‌క్రిప్షన్ ఉంటే మాత్రం ఏం లాభం?

కుట్ర మొత్తం ప్రభుత్వమే పుట్టించిందని నేననను. బల్లార్డ్ అనే ప్రీస్ట్, రాణిని చంపుతానని ఒట్టేసుకున్న సావేజ్ అనే సైనికుడు, పాతికేళ్ళు నిండని బాబింగ్టన్, వీళ్ళు ఉన్నమాటే. జూలై 17న మేరీ పంపిన జవాబు కూడా అమాయకంగా ఏం లేదు. 18 ఏళ్ళు బందీగా ఉన్న మనిషి, ఎవరు ఏ నిచ్చెన వేసినా ఎక్కేస్తుంది. ఫెలిప్స్ ఆ ఉత్తరం విప్పి దాని మీద ఉరికొయ్య బొమ్మ గీశాడు. అక్కడితో ఆగినా బావుండేది. మేరీ దస్తూరీ లిపిలోనే ఒక తా.క. కలిపాడు: ఆ పని చేయబోయే ఆరుగురు పెద్దమనుషుల పేర్లేమిటి అని. తర్వాత విచారణలో ఆ తా.క. ఊసే లేదు. అక్టోబరులో ఫాదరింగే కోటలో మేరీ అడిగిందల్లా రెండే: నా అసలు ఉత్తరాలు చూపించండి, నా కార్యదర్శుల్ని నా ఎదుట నిలబెట్టండి. రెండూ జరగలేదు. 1587 ఫిబ్రవరి 8న తల నరికారు.

ఆలోచించండి. లాగులో ఒక లైను మీరే కలిపి, దాన్ని మళ్ళీ తీసేసి, కాపీ ఒకటి కోర్టులో పెడితే మన ఆడిటర్లు ఒప్పుకుంటారా? నిందితురాలు నిజంగా దోషి అయినా సరే, ఆ సాక్ష్యాన్ని సెక్యూరిటీ ట్రైనింగులో ఆదర్శంగా చూపిస్తారా? చూపించారు. చప్పట్లు కూడా కొట్టాం. నేనూ కొట్టాను, అలవాటు ప్రకారం.

"మరి మేరీ ట్యూడర్ మూడు వందల మందిని తగలబెట్టింది కదా?" అని వస్తుంది తర్వాత. అవును, నాలుగేళ్ళలోపే దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లని బతికుండగా కాల్చింది. ఘోరం. ఎలిజబెత్ కాలంలో 1577 నుంచి 1603 దాకా చంపిన కేథలిక్కులు దాదాపు 190 మంది, అందులో ఎక్కువమంది ప్రీస్టులు. ఏడాదికి సగటు తీస్తే తక్కువే. అయితే? క్లిథరో పిల్లలకి ఆ సగటు చూపించమంటారా? అయినా మేరీ ట్యూడర్‌ని ఎవరూ ఆదర్శమనడం లేదు. ఆవిడకి పెట్టిన పేరే నెత్తుటి మేరీ. ఎలిజబెత్‌కి మాత్రం స్వర్ణయుగం, శేఖర్ కపూర్ సినిమాలు రెండూ. నా గొడవ ఆ తేడాతోనే.

ఇంతకీ ఆ ద్రోహులు అవకాశం వచ్చినప్పుడు ఏం చేశారు? 1588లో స్పెయిన్ ఆర్మడా వచ్చింది. ప్రవాసంలో ఉన్న కార్డినల్ అలెన్ (ఈయనా సత్యహరిశ్చంద్రుడేం కాదు, బర్లీకి జవాబుగా పుస్తకం రాస్తూనే దాడి పథకాల్లో ఉన్నాడు) ఇంగ్లండు కేథలిక్కులంతా లేచి రండని పిలుపు రాశాడు. ఒక్క ఊరు కూడా లేవలేదు. నెత్తుటి ప్రశ్నకి దేశమంతా కలిపి ఇచ్చిన జవాబు అది. అయినా ఆ ఏడాదే మళ్ళీ డజన్ల కొద్దీ ఉరితీశారు.

మనవైపు నుంచి కూడా ఒక ముక్క ఉంది. థామస్ స్టీఫెన్స్ అనే ఇంగ్లీషు జెస్యూట్ 1579లో గోవా వచ్చాడు. మరాఠీలో క్రీస్తు పురాణం రాసిందీ, కొంకణికి వ్యాకరణం రాసిందీ ఈయనే. 1583లో రాల్ఫ్ ఫిచ్, జాన్ న్యూబరీ అనే లండన్ వర్తకులు ఎలిజబెత్ రాణి అక్బరుకి రాసిన ఉత్తరం పట్టుకుని బయల్దేరితే, పోర్చుగీసువాళ్ళు పట్టుకుని గోవా జైల్లో పడేశారు. వాళ్ళని జామీను మీద బయటికి తెప్పించడానికి తిరిగినవాళ్ళలో ఈ స్టీఫెన్స్ ఒకడు. ఎలిజబెత్ మనుషులు, ఎలిజబెత్ ఉత్తరం, విడిపించింది జెస్యూట్. ఫిచ్ 1584లో గోవా నుంచి తప్పించుకుని బీజాపూర్ మీదుగా మన గోల్కొండకి వచ్చాడు (అప్పటికి చార్మినార్ ఇంకా కట్టలేదు), అక్కణ్ణించి ఆగ్రా. మరుసటి ఏడు ఇంగ్లండులో వచ్చిన చట్టం ప్రకారం, స్టీఫెన్స్ గనక సొంతూరు చూసుకుందామని వెళ్ళి ఉంటే, ఓడ దిగిన రోజే రాజద్రోహి.

ఇదంతా మర్నాడు లంచ్‌లో మా వాడికి చెప్పాను. ఇంత వివరంగా కాదు గానీ, క్లిథరో సంగతీ, తా.క. సంగతీ చెప్పాను. స్లైడ్‌లో కనీసం ఆ తా.క. గురించి ఒక లైను కలపమని ట్రైనరు గారికి మెయిలు పెట్టానని కూడా చెప్పాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. చివర్లో పెరుగు కప్పు మూత తీస్తూ అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ, ఇంతకీ నువ్వు కేథలిక్‌వా బాస్?"

కాదు అని చెప్పబోయి, నోరు మూసుకుని అన్నం కలుపుకున్నాను.